సెలవుల బొమ్మలు పిల్లలే వేయాలి

సంపాదకుల వారికి,

నమస్కారం. అర్ధ సంవత్సర పరీక్షలు ముగిసి సెలవులు ఇవ్వగానే చెన్నైలోని చాలా పాఠశాలలు పిల్లలకు బొమ్మల ప్రాజెక్టులు అప్పగిస్తాయి. ఉద్దేశం మంచిదే. అయితే తిరిగి వచ్చే చార్టుల్లో పిల్లల చేతిపని ఎంత ఉంటున్నదో గమనించవలసిందిగా ఉపాధ్యాయులను, తల్లిదండ్రులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. నీటి పొదుపు మీదనో చెట్ల పెంపకం మీదనో వేయమన్న బొమ్మను ఫోనులో వెతికి, సెలవుల ఆఖరి రాత్రి అమ్మో నాన్నో గీసిపెడితే, పిల్లలు అందులో రంగులు నింపుతారు; అంత తీరిక కూడా లేని ఇళ్లలో దుకాణంలో ప్రింటు తీయించి అతికిస్తారు. శుభ్రంగా, నిండుగా కనిపించిన చార్టుకే మార్కులు పడుతున్నంత కాలం తల్లిదండ్రులను తప్పుపట్టి ప్రయోజనం లేదు. వేపచెట్టు బొమ్మ తెచ్చిన పిల్లవాడికి వేపాకు అంచు రంపపు పళ్లలా ఉంటుందని తెలిసిందా అన్నదే ఉపాధ్యాయులు చూడవలసిన విషయం.

ఒకటి నుంచి పన్నెండో తరగతి దాకా కళలకు వారానికి కనీసం రెండు పీరియడ్లు కేటాయించాలని సీబీఎస్ఈ 2019లోనే చెప్పింది. పరీక్షలు దగ్గరపడితే ఆ పీరియడ్లను లెక్కల మాస్టారు తీసుకోవడం చాలాచోట్ల మామూలే కనుక, పిల్లలు తీరిగ్గా కూర్చుని గీయగలిగేది సెలవుల్లోనే.

సొంతంగా గీసే పిల్లలు కూడా ఎదుట ఉన్నదాన్ని చూసి గీయడం అరుదు. రెండు కొండలు, నడుమ ఉదయించే సూర్యుడు, ఒక గుడిసె, పక్కన వాగు: పెరంబూరులో డ్రాయింగ్ నేర్పినన్నాళ్లూ నేను ఎక్కువగా చూసిన బొమ్మ ఇదే. మన ఊళ్లో సూర్యుడు బంగాళాఖాతం మీద ఉదయిస్తాడు. తెల్లవారుజామున మెరీనాకో కాశిమేడు రేవుకో తీసుకువెళ్లి కూర్చోబెడితే, ఆ వేళ సముద్రం నీలంగా ఉండదని పిల్లలే కనిపెడతారు.

దీనికి ఖరీదైన రంగులు అక్కరలేదు. పసుపులో సున్నం కలిపితే ఎరుపు వస్తుందని పారాణి పెట్టే ప్రతి ఇంటికీ తెలుసు. తుప్పు పట్టిన ఇనుమును బెల్లం నీళ్లలో నానబెట్టి శ్రీకాళహస్తి కలంకారీ పనివారు నలుపు తయారుచేస్తారు. పైగా డిసెంబరు సెలవులు ధనుర్మాసంలోనే వస్తాయి. అమ్మమ్మ పక్కన కూర్చుని చుక్కలు లెక్కపెట్టి ముగ్గు నేర్చుకుని, దాన్ని నోటుబుక్కులో వేసి తెచ్చిన పిల్లకు అది ప్రాజెక్టు కాదని ఏ పాఠశాలా అనకూడదు.

అన్నింటికంటే ముఖ్యమైన విన్నపం ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియానికి. 1851లో ఏర్పడిన ఈ మ్యూజియంలో అమరావతి స్తూపపు శిల్పాలు ఎన్నో ఉన్నాయి. చెన్నైలో పెరుగుతున్న తెలుగు పిల్లల్లో చాలామందికి కృష్ణా తీరపు ఆ శిల్పసంపద తమ ఊళ్లోనే ఉన్నదని తెలియదు. వాటిలో నాలాగిరి ఏనుగు కథను చెక్కిన గుండ్రటి ఫలకం ఒక్కటి చాలు, పిల్లల కళ్లు తెరుచుకోవడానికి. మదించి వీధిలోకి దూసుకువచ్చిన ఏనుగు, బుద్ధుడి ముందు మోకరిల్లిన అదే ఏనుగు ఆ ఒక్క ఫలకంలోనే కనిపిస్తాయి. పైన కిటికీల్లోంచి జనం చూస్తుంటారు. ఒకే ఏనుగును రెండుసార్లు ఎందుకు చెక్కారని అడిగే పిల్ల బొమ్మతో కథ ఎలా చెప్పాలో అప్పుడే నేర్చుకుంటుంది. ఫోనులో ఫొటో తీసుకుని రెండు నిమిషాల్లో కదిలిపోయేవారికి ఆ ప్రశ్న తట్టదు. గంటసేపు దాని ముందు కూర్చుని పెన్సిలుతో గీస్తేనే తడుతుంది.

అందుచేత త్రైమాసిక, అర్ధ సంవత్సర, వేసవి సెలవుల్లో పాఠశాల పిల్లలు అక్కడ కూర్చుని బొమ్మలు గీసుకునేందుకు ఉదయం రెండు గంటలు ప్రత్యేకించాలని, శిల్పాలకు హాని కలగకుండా పెన్సిలు, కాగితం మాత్రమే అనుమతించాలని, చిన్న పీటలు కొన్ని సమకూర్చాలని మ్యూజియం అధికారులను వేడుకుంటున్నాను. మ్యూజియానికి శుక్రవారం సెలవు కాబట్టి తక్కిన రోజుల్లో ఏ రెండు ఉదయాలు కేటాయించినా మేలే. పిల్లలను కూర్చోబెట్టి చూసుకోవడానికి నాలాంటి విశ్రాంత డ్రాయింగ్ టీచర్లు జీతం ఆశించకుండా వస్తారు. రాబోయే వేసవి సెలవుల నుంచే ఈ ఏర్పాటు మొదలుపెట్టాలని మనవి.

ఇట్లు,
ఒక విశ్రాంత డ్రాయింగ్ టీచరు,
పెరంబూరు, చెన్నై