ఆ గది తాళం తీయించండి, మంత్రి గారూ

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

విజయవాడ సత్యనారాయణపురం నుంచి ఒక వీణ టీచర్ నమస్కరించి రాస్తున్న లేఖ. ఇది నా ఐదో అర్జీ. మొదటి నాలుగింటి రసీదులూ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. తేల్చి చెప్పిన జవాబే లేదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

విషయం మీ ఆఫీసుకు తెలిసిందే. మన ఊళ్లో ఒక ఆసుపత్రిలో, పక్షవాతం వచ్చినవాళ్లకు ఫిజియోథెరపీ చేసే వార్డు పక్కగదిని రోజూ ఒక గంట నాకు ఇస్తామన్నారు, అక్కడి రోగులకు పాటతో మాటా నడకా మళ్లీ నేర్పడానికి. ఆ మాట అని పద్నాలుగు నెలలైంది. గదికి తాళం అలాగే ఉంది. లోపల విరిగిన మంచాలు, పాత రిజిస్టర్లు. నాకు జీతం వద్దన్నాను. ఫ్యాను లేకపోయినా పర్వాలేదన్నాను. చాపలు నేనే తెచ్చుకుంటానన్నాను.

మొదటి అర్జీకి 'పరిశీలనలో ఉంది' అని ఫోనుకు మెసేజ్ వచ్చింది. రెండోసారి వెళ్తే, సంగీతం కాబట్టి ఇది వైద్యం కిందికి రాదు, సంగీతం సంగతి చూసేవాళ్ల దగ్గరికి వెళ్లమన్నారు. అక్కడికి వెళ్తే రోగులకు సంబంధించింది కాబట్టి ఆసుపత్రివాళ్లే చూడాలన్నారు. మూడోసారి, పాత ఆఫీసర్ గారు బదిలీ అయ్యారు, ఫైలు మళ్లీ మొదటి నుంచి పెట్టమన్నారు. నాలుగోసారి ఫైలే దొరకలేదు. ప్రతిసారీ ఒక పూట పాఠాలు మానుకుని వెళ్లాను. గుమాస్తాలు నాతో మర్యాదగానే మాట్లాడారు, ఆ మాట చెప్పకపోతే తప్పు. కానీ ఒక్కరూ 'సరే' అనలేదు, 'కాదు' అని రాసి ఇవ్వనూ లేదు.

ఇంత పట్టుదల ఎందుకో చెప్తాను. మూడేళ్ల కిందట ఒక తెల్లవారుజామున మా అన్నయ్యకు కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి. మాట పోయింది. ఏం చెప్పబోయినా 'అదీ... అదీ' అనే వచ్చేది. దాహమైనా అదే, నొప్పైనా అదే. మాకు అర్థం కాకపోతే కళ్లనీళ్లు పెట్టుకునేవాడు. ముప్పై ఏళ్లు బడిలో తెలుగు చెప్పిన మనిషి. ఒక సాయంత్రం నేను వీణ మీద, చిన్నప్పుడు ఇద్దరం కలిసి నేర్చుకున్న కీర్తన వాయిస్తుంటే పక్కగదిలోంచి పల్లవి వినిపించింది, సాహిత్యంతో సహా. పరుగెత్తి వెళ్లి 'అన్నయ్యా, మళ్లీ చెప్పు' అంటే 'అదీ' అన్నాడు. చెప్పమంటే రాలేదు. పాడమంటే వచ్చింది.

అప్పటి నుంచి దొరికిందల్లా చదివాను, డాక్టర్లను అడిగి తెలుసుకున్నాను. మాటను కూర్చే చోటు చాలామందికి మెదడు ఎడమవైపు ముందు భాగంలో ఉంటుందని 1860లలోనే ఫ్రెంచ్ వైద్యుడు పాల్ బ్రోకా చూపించాడు. పాటకు మెదడు రెండు వైపులా పనిచేస్తుంది. ఎడమవైపు దెబ్బతిన్నా పాట మిగిలేది అందుకేనంటారు. ఆ మిగిలిన పాటను పట్టుకుని మాట తిరిగి తెప్పించే పద్ధతిని 1973లోనే బోస్టన్ నగరంలో తయారుచేశారు. రెండే స్వరాలు, ఒకటి కింద, ఒకటి పైన. ఒక్కో అక్షరానికీ ఎడమ చేత్తో ఒక్కో తాకిడి. రోగి ముందు పాడతాడు, తర్వాత పాడినట్టుగా మాట్లాడతాడు, చివరికి మామూలుగా మాట్లాడతాడు.

నేను కట్టినవి కచేరీ పాటలు కావు. షడ్జం, సాధారణ గాంధారం, ఈ రెండు స్వరాలే. 'ఆకలి' మూడక్షరాలు, మూడు లెక్కల నడక అయిన తిశ్రంలో కుదురుతుంది. 'మంచినీళ్లు' నాలుగు, చతురశ్రం. 'నొప్పిగా ఉంది' ఐదు, ఖండం. మన మాటలు ఎక్కువగా అచ్చుతోనే ముగుస్తాయి కాబట్టి చివర సాగదీస్తే నోరు సులువుగా తెరుచుకుంటుంది. ఈ పనికి తెలుగు పుట్టుకతోనే సిద్ధంగా ఉందనిపిస్తుంది నాకు. అన్నయ్య నోట 'మంచినీళ్లు' అనే మాట రావడానికి పందొమ్మిది రోజులు పట్టింది. ఆ రోజు మా వదిన గ్లాసు పట్టుకుని వంటింట్లోనే కూర్చుండిపోయింది.

నడక కోసం వేరే కట్టాను. తాళం వింటుంటే అడుగు దానంతట అదే దానితో కలుస్తుంది. వినే భాగాలకూ కదిలించే భాగాలకూ మెదడులో అంత దగ్గర సంబంధం ఉంది. అమెరికాలో మైఖేల్ థాట్ అనే పరిశోధకుడి బృందం 90వ దశకంలో పక్షవాతం, పార్కిన్సన్స్ ఉన్నవాళ్ల మీద దీన్ని పరీక్షించి చూసింది. నిమిషానికి యాభై అడుగులు వేయగలిగే మనిషికి తాళమూ యాభై దగ్గరే మొదలుపెట్టాలి. కుదురుకున్నాక కొంచెం కొంచెంగా పెంచాలి. తొందరపడితే కాలు తడబడుతుంది.

ఫలానా రాగం ఫలానా జబ్బును నయం చేస్తుందని చెప్పుకుని డబ్బు తీసుకునేవాళ్లంటే నాకు కోపం. నేను అలాంటి మాట ఇవ్వను. పాట మందుకు బదులు కాదు, అందరికీ ఒకేలా పనిచేయదు. కానీ ఫిన్లాండ్‌లో 60 మంది పక్షవాత రోగులతో చేసిన పరిశోధన 2008లో వచ్చింది. రెండు నెలల పాటు రోజూ కనీసం గంటసేపు తమకు నచ్చిన సంగీతం విన్నవాళ్లకు మాటల జ్ఞాపకశక్తీ ఏకాగ్రతా మిగతావాళ్లకన్నా బాగా తిరిగొచ్చాయి. మెదడు, మనసు జబ్బులకు వైద్యం చేసే బెంగళూరు నిమ్హాన్స్‌లో సంగీతానికీ మెదడుకూ ఉన్న సంబంధం మీద ప్రత్యేకంగా ఒక ల్యాబే ఉంది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు సంగీత కళాశాలకు తొలి ప్రిన్సిపాల్‌గా పనిచేసిన ఊరు మనది. ఇక్కడ ఒక గది దొరకదా?

మా అన్నయ్యకు ఇంట్లో నేనున్నాను. ఆ వార్డులో ఉన్నవాళ్లకు ఎవరున్నారు? వరండాలో కూర్చున్నప్పుడు ఒకావిడ నన్ను అడిగింది, 'మా ఆయనకు కూడా చెప్తారా అమ్మా' అని. మాట తిరిగి రావడానికి మొదటి నెలలు ఎంత విలువైనవో మీ డాక్టర్లను అడిగితే చెప్తారు. ఆ ఫైలు తిరుగుతున్నన్నాళ్లూ ఆవిడ భర్తకు ఆ నెలలు గడిచిపోయాయి.

దయచేసి గది ఇప్పించండి. గది కుదరకపోతే వరండాలో ఒక మూల. అదీ కుదరకపోతే కుదరదని ఒక కాగితం మీద రాసి ఇవ్వండి, ఇంకో ఆసుపత్రిని అడుక్కుంటాను. స్పీచ్ థెరపిస్టు ఎవరైనా పక్కన కూర్చుని నా తప్పులు దిద్దితే ఇంకా మంచిది. నేను కట్టిన నలభై చిన్న పాటలూ స్వరంతో రాసి ఈ లేఖకు జతచేశాను. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు.

వచ్చే సోమవారం ఉదయం పదింటికి శ్రుతిపెట్టె తీసుకుని ఆ వార్డు మెట్ల దగ్గర ఉంటాను. తాళం తీస్తే ఆ రోజే మొదలుపెడతాను.

ఇట్లు,
ఒక వీణ టీచర్,
సత్యనారాయణపురం, విజయవాడ