ఎన్ని కోట్లు అనే కాదు, ఎలా తవ్వారో కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మెటల్ డిటెక్టర్‌తో పొలంలో తిరుగుతున్న ఎవరికో పాత నాణేలు దొరికాయని వార్త వచ్చినప్పుడల్లా హెడ్డింగ్‌లో ఎన్ని కోట్లు అన్నదే ఉంటుంది, ఎలా తవ్వారో ఒక్క ముక్క ఉండదు. కొన్నేళ్లుగా ఈ హాబీలో ఉన్నవాణ్ణి కాబట్టి అడుగుతున్నాను, దయచేసి ఆ ముక్క కూడా వేయండి.

డబ్బు కోసం దిగినవాళ్లు నెల తిరక్కుండానే మెషీన్‌ని అటకెక్కిస్తారు. రోజంతా తిరిగితే దొరికేవి తుప్పు మేకులు, సీసా మూతలు, కూల్‌డ్రింక్ టిన్నుల రింగులు. మెషీన్ అడుగున ఉండే తీగచుట్ట (కాయిల్) నేలలోకి అయస్కాంత క్షేత్రాన్ని పంపుతుంది, దాంతో లోపలున్న లోహంలో చిన్న కరెంటు పుడుతుంది, మెషీన్ దాన్ని పసిగట్టి కూత పెడుతుంది. సన్నటి బంగారు ఉంగరమూ అల్యూమినియం రేకు ముక్కా ఒక్కోసారి ఒకేలా కూస్తాయి, తవ్వితే గాని తెలియదు. అయినా ఆ కూత వినగానే మోకాళ్ల మీద కూర్చుని, గడ్డిని మూడు పక్కలా కోసి మూతలా పైకెత్తి, మట్టిని గుడ్డ మీద పోసుకుని వేళ్లతో వెతికే ఆ రెండు నిమిషాలున్నాయే, వాటి కోసమే వెళ్తాం.

మొదట్లో నాకొక పాత రాగి నాణెం దొరికింది. ఆత్రం పట్టలేక అక్కడికక్కడే బొటనవేలితో రుద్దేశాను. దానికంటిన ఇసుకే గీతలు పెట్టి ఉన్న ఒకటి రెండు అక్షరాలనూ చెరిపేసింది. తెలిసినాయనకు చూపిస్తే ఆయన ముందు అడిగింది "ఎక్కడ దొరికింది, ఎంత లోతులో?" అని. నేను రాసుకోలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

1992లో ఇంగ్లండ్‌లోని హాక్సన్ దగ్గర ఎరిక్ లాస్ అనే ఆయన రైతు పోగొట్టుకున్న సుత్తి కోసం వెతుకుతుంటే రోమన్ కాలం నాటి బంగారం, వెండి బయటపడ్డాయి. కొంత తీశాక ఆగిపోయి అధికారులకు కబురు చేశాడు, నా దృష్టిలో ఆయన చేసిన గొప్ప పని అదే. మర్నాడే పురావస్తు నిపుణులు వచ్చి తవ్వారు. దాదాపు 15 వేల నాణేలతో పాటు నగలు, వెండి చెంచాలు దొరికాయి. ఏ వస్తువు ఎక్కడుందో అక్కడే కదలకుండా ఉండబట్టే, అవన్నీ ఒక చెక్కపెట్టెలో ఎలా సర్ది పెట్టారో తెలిసింది. సుత్తి కూడా దొరికింది, ఇప్పుడది బ్రిటిష్ మ్యూజియంలో ఉంది!

ఆయన ఆశపడి మొత్తం పెళ్లగించేసి ఉంటే మిగిలేది వట్టి నాణేల కుప్పే. ఇంగ్లండ్‌లో 1996లో వచ్చిన చట్టం ప్రకారం నిధి దొరికితే 14 రోజుల్లో చెప్పాలి. చట్టాలు దేశానికొక రకంగా ఉంటాయి, కొన్ని చోట్ల అనుమతి లేకుండా డిటెక్టర్ వాడటమే నేరం. అది తెలియక, స్థలం ఎవరిదో అడక్కుండా తవ్వి, గుంట కూడా పూడ్చకుండా పోయేవాళ్ల వల్ల మిగతా అందరికీ చెడ్డపేరు వస్తోంది. ఇక యుద్ధాలు జరిగిన నేలల్లో పేలని గుండ్లు కూడా ఉంటాయి, అక్కడ అనుమానం రాగానే ముట్టుకోకుండా దూరం జరిగి పోలీసులకు చెప్పాలి.

ఈసారి ఇలాంటి వార్త వేసినప్పుడు స్థలం యజమానిని అడిగారా, ఎక్కడ ఆపారు, ఎవరికి చెప్పారు, ఈ మూడూ రెండు లైన్లలో రాయండి. కొత్తగా మెషీన్ కొన్న పిల్లలు ముందు చదివేది మీ వార్తే.

ఇట్లు,
మీ పాఠకుడు