రావిచెట్టు కింద తడుస్తున్న పాత పటాలు

సంపాదకుల వారికి,

అయ్యా,

ఒంగోలులో పాత పెంకుటిళ్లు కూల్చి అపార్ట్‌మెంట్లు కడుతున్న వీధుల్లో, గుడి పక్క రావిచెట్టు మొదట్లో అద్దం పగిలిన దేవుడి పటాలు పోగుపడి ఉండటం మీ పాఠకులు చూసే ఉంటారు. పగిలిన పటం ఇంట్లో ఉండకూడదన్న నమ్మకాన్ని నేను తప్పుపట్టను. కానీ పగిలింది అద్దమే గాని బొమ్మ కాదని, అద్దం మార్పిస్తే అది మరో రెండు తరాలు గోడమీద ఉంటుందని విన్నవించడానికే ఈ లేఖ రాస్తున్నాను.

పశువులున్న ఇంట పుట్టినవాణ్ని కావడం వల్ల ఆవులూ ఎద్దులూ ఉన్న పాత అచ్చుబొమ్మలంటే నాకు ప్రాణం. వేణుగోపాలుడు, నందినెక్కిన పార్వతీపరమేశ్వరులు, ఒంటినిండా దేవతలున్న కామధేనువు మా వసారా గోడను నింపేశారు. ఇలా పక్కపక్కన పెట్టి చూస్తేనే తెలిసే సంగతులుంటాయి. ఒక పటంలోని ఆవు ఉబ్బెత్తు నుదురు, వేలాడే చెవులతో గుజరాతు గిర్ ఆవును తలపిస్తుంది. ఒక పాత క్యాలెండరు బొమ్మలోనిది మాత్రం పొట్టి కొమ్ములు, ఎత్తైన మూపురం, మడతల గంగడోలుతో అచ్చం మన ఒంగోలు జాతిదే.

రవివర్మ 1894లో బొంబాయిలో పెట్టిన అచ్చుకూటం తరువాత లోనావాలా దగ్గరి మళవలికి మారి, 1972లో అగ్నికి ఆహుతైంది. అక్కడ అచ్చయిన బొమ్మల్లో ఎన్నో ఇలాంటి పాత ఇళ్లలోనే మిగిలాయి. ముద్రణాలయం పేరు సాధారణంగా అడుగు అంచులో ఉంటుంది. పటాలు కట్టే ఒక దుకాణంలో ఫ్రేముకు పట్టలేదని నా పటం అంచును కత్తిరించి పారేశారు. అది ఎక్కడ అచ్చయిందో చెప్పే ఆధారం ఇక లేదు. ఆ బాధ నన్ను ఇప్పటికీ వదలలేదు.

కాబట్టి అంచు కత్తిరించవద్దని ముందే చెప్పండి. వెనుక చెక్క ఉంటే కాగితంపై గోధుమరంగు చారలు పడతాయి, దాన్ని తీయించి ఆమ్లం లేని అట్ట వేయించండి. మన కోస్తా తేమకు కాగితం అద్దానికి అతుక్కుపోతుంది గనుక రెంటి మధ్య కాస్త ఎడం ఉంచమనండి. దేవత చీరపై అంటించిన జలతారు, చమ్కీలు ఆనాటి చేతిపని; వాటిని పీకవద్దు.

గుడి కమిటీల వారు మండపంలో ఒక బల్ల వేయించి, కావలసినవారు ఈ పటాలను తీసుకువెళ్లవచ్చని బోర్డు పెడితే, వాన పడకముందే కొన్నయినా మరో ఇంటి గోడకు చేరతాయి.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
ఒంగోలు.