సంక్రాంతికి పిల్లల చేతి మొక్కలు

అందరికీ నమస్తే! సెలవులిచ్చేశారు, పిల్లలు ఫోన్లు వదలట్లేదు. అందుకే ఈ ఆదివారం సాయంత్రం 4 గంటలకు టెర్రస్ మీద కొబ్బరి చిప్పల్లో మెంతులు చల్లిస్తున్నాం. భోగి నాటికి పచ్చగా లేస్తాయి. అమ్మమ్మకో, పక్క ఫ్లాట్ తాతయ్యకో అదే పండగ కానుక.

ఒక్కొక్కరికి రెండు చిప్పలు (కన్ను దగ్గర చిల్లు పెద్దవాళ్లే పెట్టండి), శనివారం రాత్రే నానబెట్టిన గుప్పెడు మెంతులు తేవాలి. మట్టి, వర్మీ కంపోస్ట్ మేం చూసుకుంటాం.

దసరా తోరణాల బంతిపూలు ఎండిపోయి ఉంటే పారేయకండి. విప్పితే సన్నటి నల్ల గింజలు, కొసన తెల్లటి కుచ్చు ఉంటాయి. పొట్లాలు కట్టిద్దాం, పైన బొమ్మలు పిల్లలే వేస్తారు.

పోయినేడు నీళ్లన్నీ మనమే పోసేశాం, వాళ్లు చిప్పల సంగతే మర్చిపోయారు! ఈసారి వాళ్లనే పోయనివ్వండి, బాల్కనీ తడిసినా సరే.

వచ్చేవాళ్లు శుక్రవారంలోపు ఫ్లాట్ నంబర్ పెట్టండి.