గోడ మందానికి కోత పెట్టకండి

సంపాదకులు గారికి,

ఎండలు ముదిరేసరికి పేపర్లో ఏసీలు, కరెంటు బిల్లుల గురించి రోజూ ఏదో ఒకటి వస్తోంది గానీ గోడల ఊసు ఎవరూ ఎత్తరు. మాది గుత్తి దగ్గర పల్లె. మా తాత కట్టిన మిద్దెకు రెండడుగుల మందం రాతిగోడలు, దూలాలు, దంతెల మీద చౌడు మట్టి. దాని పక్కనే నేను స్లాబు వేసి కొత్తిల్లు కట్టాను. మే నెలలో మధ్యాహ్నం అందరం పాత మిద్దెలోనే పడుకుంటాం, లోను మాత్రం కొత్తింటికి కడుతున్నాను.

ఇందులో మాయేం లేదు. ఎండ వేడి గోడలో ఇంకి లోపలి వైపుకు రావడానికి టైం పడుతుంది. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడైతే రెండు మూడు గంటల్లో వచ్చేస్తుంది, తొమ్మిది అంగుళాలదైతే ఆరు గంటలు అటూ ఇటూ, అంటే పడమటి గోడకు మూడింటికి తగిలిన ఎండ సరిగ్గా మనం పక్కలేసుకునే వేళకు లోపలికి దిగుతుంది. రెండడుగుల రాతిగోడకు పన్నెండు గంటల పైనే. ఆ వేడి వచ్చేది తెల్లవారుజామున, అదీ బాగా పలచబడి. అప్పటికి కిటికీలు, పైన గవాక్షి తెరిచి ఉంటే చల్లగాలి దాన్ని తీసుకుపోతుంది.

అందుకే ఇది అన్ని ఊళ్లకూ పనికొచ్చే మందు కాదు. అనంతపురంలో పగలు 40 దాటినా రాత్రికి 26, 27కి దిగుతుంది కాబట్టి గోడ చల్లారుతుంది. బందరులోనో విజయవాడలోనో రాత్రి కూడా ఉక్కపోతే, అక్కడ గోడ మందం కంటే నీడ, గాలి ముఖ్యం. కోస్తాకూ సీమకూ హౌసింగు వాళ్లు ఒకే టైపు ప్లాన్ (ఇంటి నమూనా) అచ్చేయడం నాకసలు అర్థం కాదు.

అసలు బాధ ఆ ఇళ్లను కొలిచే ప్లింత్ లెక్కతో. ప్లింత్ ఏరియా అంటే ఇల్లు నేల మీద ఆక్రమించే మొత్తం వైశాల్యం, అందులో గోడల మందం కూడా కలుస్తుంది. 20 అడుగులకు 20 అడుగుల ఇల్లు తీసుకోండి, 400 చదరపు అడుగులు. చుట్టూ తొమ్మిది అంగుళాల గోడ పెడితే లోపల మిగిలేది సుమారు 342, అడుగున్నర గోడ పెడితే 289. యాభై చదరపు అడుగులకు పైగా గోడకే పోతుంటే ఏ పేదవాడు మందం గోడ కడతాడు? పొడి ఎండల జిల్లాల్లో తొమ్మిది అంగుళాలకు మించిన మందాన్ని ఆ లెక్కలోంచి తీసేయమని నేనడిగేది. కేంద్రం 2018లో ఇళ్ల కోసం ‘ఎకో నివాస్ సంహిత’ అనే ఇంధన పొదుపు నియమావళి తెచ్చింది, మంచిదే, కానీ గోడ వేడిని ఎంత లోపలికి పంపుతుందన్నదే అందులో చూస్తారు, ఎంతసేపు ఆపుతుందన్నది కాదు.

రెండడుగుల గోడలు మళ్లీ కట్టమని నేననను. రాయి ఖర్చు, మనుషులు దొరకరు, పైగా మిద్దెల్లో తేళ్ల సంగతి మాకు తెలుసు. కేరళలో తక్కువ ఖర్చుతో ఇళ్లు కట్టిన ఆర్కిటెక్టు లారీ బేకర్ వాడి చూపించిన ర్యాట్ ట్రాప్ గోడ ఉంది, ఇటుకల మధ్య బోలు వదిలి కట్టేది, తొమ్మిది అంగుళాల్లోనే వేడి తగ్గుతుంది, ఇటుకలూ నాలుగో వంతు దాకా మిగులుతాయి. మా బేల్దారికి చెప్తే ‘ఇటుక నిలబెట్టి కడితే గోడ నిలబడుతుందా సార్’ అని నవ్వాడు. హౌసింగు అధికారులు మండలానికి ఒక ఇల్లు అలా కట్టి చూపిస్తే ఆయన్ని తీసుకెళ్లి చూపిస్తాను.

— ఒక పాఠకుడు, గుత్తి, అనంతపురం జిల్లా