అడగడం నేర్పకుండా అడగమంటే ఎలా?

సంపాదకుల వారికి,

అయ్యా,

ప్రోగ్రామింగ్ నేర్చుకునేవారికి ఇంటర్నెట్‌లో కావలసినంత ఉచిత సహాయం ఉన్నా మన విద్యార్థులు అడగడానికి బద్ధకిస్తున్నారని ఒక ఉన్నతాధికారి వాపోయినట్లు పది రోజుల క్రితం మీ జిల్లా పేజీలో చదివాను. అడగనిదే అమ్మయినా పెట్టదన్న సామెతను కూడా వారు గుర్తుచేశారట. కోపంలో రాసిన ఉత్తరాలు మీరు వేయరన్న అనుభవం ఉండడం వల్ల ఇన్నాళ్లు ఆగాను గాని, కోపం మాత్రం తగ్గలేదు.

డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్న మా మనవరాలు సి భాషలో ఫ్యాక్టోరియల్ (ఒకటి నుంచి ఆ సంఖ్య దాకా అన్నింటినీ గుణిస్తే వచ్చేది) ప్రోగ్రాం రాసింది. ఏడుకు 5040 అని సరిగ్గానే వచ్చింది. ఎనిమిదికి 40320 రావలసిన చోట తెర మీద -25216 అని పడింది. ధన సంఖ్యలను గుణిస్తే రుణ సంఖ్య ఎలా వచ్చిందో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన నాకూ అంతుపట్టలేదు. ల్యాబ్‌లో అడిగితే నెట్‌లో చూసుకోమన్నారట. సరే, చూసుకుంది. ల్యాబ్ తెరకు ఫోనుతో తీసిన ఫొటోను, అందులో మెరుస్తున్న ట్యూబులైటుతో సహా, ఒక సహాయ వేదికలో పెట్టి, ‘సర్, ఫ్యాక్టోరియల్ నాట్ కమింగ్, అర్జెంట్’ అని రాసింది. ఒకాయన తన కంప్యూటరులో నడిపి చూసి, నాకు 40320 వచ్చింది, తప్పేమీ లేదు పొమ్మన్నాడు. ఇంకొకాయన ఈ కాలంలో కూడా ‘క్లియర్ స్క్రీన్’ (తెర తుడిచే పాతకాలపు ఆదేశం) రాసేవాళ్లున్నారా అని నవ్వాడు. అరగంటలో ప్రశ్నను మూసేశారు.

సంక్రాంతికి ఊరొచ్చిన పక్కింటి కుర్రవాడు అసలు సంగతి రెండు నిమిషాల్లో చెప్పాడు. ఆ ల్యాబ్‌లో నేటికీ ఉన్నది విండోస్‌కు ముందటి డాస్ కాలపు టర్బో సి అనే కంపైలర్, అంటే రాసిన ప్రోగ్రాంను యంత్రం నడిపే రూపంలోకి మార్చేది. అందులో ‘ఇంట్’, అంటే పూర్ణసంఖ్యకు కేటాయించే చోటు, రెండు బైట్లే కనుక 32767 దాటిన సంఖ్య పట్టదు. 40320లోంచి 65536 పోగా మిగిలినదే ఆ -25216. నేటి కంపైలర్లలో సాధారణంగా నాలుగు బైట్లు ఉంటాయి కాబట్టి జవాబిచ్చినవారికి ఆ తప్పు కనబడే అవకాశమే లేదు. ఏ కంపైలరో అమ్మాయి చెప్పలేదు. చెప్పాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

జీతం లేకుండా జవాబులు రాసేవారిని నేను తప్పుపట్టను. 2008 నుంచి నడుస్తున్న ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల వేదిక స్టాక్ ఓవర్‌ఫ్లో వంటి చోట్ల కోడ్‌ను ఫొటోగా కాక అక్షరాలుగా ఇవ్వాలని, తప్పును చూపించగలిగినంత చిన్న ముక్కే పెట్టాలని, ఏం రావాలో ఏం వచ్చిందో రాయాలని ముందే చెబుతారు. అలా రాయడానికి కూర్చుంటే సగం సందేహాలు రాస్తుండగానే తీరిపోతాయి. మరి సిలబస్‌లో దీనికి ఒక్క పీరియడైనా ఉన్నదా? 2022 చివర చాట్‌జీపీటీ వచ్చాక ఆ కాస్త శ్రమా తప్పింది; అడిగీ అడగకముందే ప్రోగ్రాం మొత్తం వచ్చిపడుతోంది. చూడటానికి సరిగ్గా ఉండి తీరా తప్పుగా తేలుతున్నాయని స్టాక్ ఓవర్‌ఫ్లో ఆ డిసెంబరులోనే అటువంటి జవాబులను నిషేధించింది. మన కళాశాలల్లో మాత్రం అవే ల్యాబ్ రికార్డులకెక్కుతున్నాయి.

రికార్డుల మాట వచ్చింది కనుక ఇదీ చెప్పాలి. మా మనవరాలి రికార్డులో ఎనిమిది ఫ్యాక్టోరియల్ 40320 అనే ఉంది, పక్కన ఎర్ర సిరాతో సంతకమూ ఉంది. ఆ ల్యాబ్‌లో ఏ యంత్రం మీదా ఆ ప్రోగ్రాంకు ఆ జవాబు రాదు. సీనియర్ల రికార్డు చూసి దించుకోవడం ఆనవాయితీ అట. తనిఖీకి వచ్చిన పెద్దలు పుస్తకాలకు అట్టలున్నాయో లేదో చూసి, కాఫీ తాగి వెళ్లారు.

టర్బో సి బదులు వాడుకోదగిన జీసీసీ కంపైలరుకు పైసా ఖర్చు లేదు. ఐఐటీ బొంబాయి వారి స్పోకెన్ ట్యుటోరియల్ పాఠాలు తెలుగులోనూ ఉన్నాయి, ఏ నిమిషం దగ్గర అర్థం కాలేదో చెప్పి అడిగే వీలు కూడా ఉంది. పిల్లల బద్ధకం గురించి బాధపడే ఆ అధికారిగారు రానున్న ప్రాక్టికల్ పరీక్షలలోపు ఏదైనా ల్యాబ్‌కు వెళ్లి, ఎనిమిది ఫ్యాక్టోరియల్ వేసి చూసి, వచ్చిన జవాబును మీ పత్రిక ద్వారానే తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత గణితోపాధ్యాయుడు,
తెనాలి