షెల్ స్క్రిప్టుల ఇండెంటేషన్ విషయంలో మీ సపోర్ట్ విభాగం చూపిన నిర్లక్ష్యంపై ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగాధిపతి గారికి,

మీ టెక్స్ట్ ఎడిటర్‌ను ఏళ్ల తరబడి డబ్బు చెల్లించి వాడుతున్నాను. లోపాలు ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా ఉంటాయి, వాటిని ఓర్చుకోగలను. చెప్పిన మాటను చెవిన పెట్టకుండా ఒకరి మీద ఒకరు తోసేసుకునే మీ సపోర్ట్ విభాగం ధోరణిని మాత్రం ఇక ఓర్చుకోలేక ఈ లేఖ రాస్తున్నాను.

సమస్య చిన్నదే. కంప్యూటర్‌కు ఇచ్చే ఆదేశాలను వరుసగా రాసిపెట్టిన ఫైలు షెల్ స్క్రిప్టు, దాన్ని చదివి నడిపే ప్రోగ్రాము షెల్. బాష్, సీ షెల్, ఫిష్, జెడ్ షెల్ అంటూ వాటిలో రకాలున్నాయి, రాసే పద్ధతులూ వేరు. మీ ఎడిటర్ మాత్రం ఇండెంటేషన్, అంటే వరుసల మొదట్లో వదిలే ఖాళీ, సరిచేసేటప్పుడు వాటన్నిటినీ బాష్‌తో ఒకే గాటన కడుతుంది. ఫైలు మొదటి వరుసలో ఏ షెల్ పేరు ఉందో చూడనే చూడదు. షరతును బట్టి నడిచే ‘ఇఫ్’ బ్లాకు సీ షెల్‌లో ‘ఎండిఫ్’తోనూ, ఫిష్‌లో ‘ఎండ్’తోనూ ముగుస్తుంది. మీ ఎడిటర్ మాత్రం బాష్‌లో ఆ బ్లాకును ముగించే ‘ఫై’ కోసమే ఎదురుచూసి, అది కనబడకపోవడంతో ఆ తర్వాతి వరుసలన్నిటినీ కుడివైపుకు నెట్టుకుంటూ పోతుంది. జెడ్ షెల్‌లో ‘థెన్’, ‘ఫై’ లేకుండా ఫ్లవర్ బ్రాకెట్లతో రాసినా ఇదే తంతు.

ఈ మాత్రం సంగతి మీవాళ్లకు అర్థమయ్యేలా చెప్పడానికి నేను పడిన పాట్లు ఇన్నీ అన్నీ కావు. మొదటి ప్రతినిధి స్క్రీన్‌షాట్ అడిగితే పంపాను. ఆ తర్వాత వచ్చినవారు దాన్ని తెరవకుండానే, ప్లగిన్లన్నీ ఆపేసి ఎడిటర్‌ను తిరిగి ఇన్‌స్టాల్ చేయమన్నారు. పని ఆపుకుని అదీ చేశాను, ఫలితం లేదని రాశాను. ఇది ఫార్మాటింగ్ విభాగం చూసుకోవలసిన విషయమని ఇంకొకరు నా ఫిర్యాదు టికెట్‌ను అటు పంపితే, భాషల సపోర్ట్ తమ పని కాదని ఆ విభాగం తిప్పి పంపింది. చివరికి, నా నుంచి జవాబు రాలేదు కాబట్టి టికెట్ మూసివేస్తున్నామని ఒక యాంత్రికమైన సందేశం వచ్చింది. నేను పంపిన జవాబు, దానికి జతచేసిన నమూనా ఫైలు ఆ సందేశానికి సరిగ్గా పైనే ఉన్నాయి. కొత్త టికెట్ తెరిస్తే మళ్లీ స్క్రీన్‌షాట్ దగ్గరే మొదలుపెట్టారు.

వీటన్నిటికంటే నన్ను బాధించింది ఇంకొకటి ఉంది. ఇండెంటేషన్ అనేది చూడటానికి బాగుండటం కోసమే తప్ప దానివల్ల స్క్రిప్టు నడవకుండా పోదని మీ ప్రతినిధి ఒకరు నాకు పాఠం చెప్పారు. ఆ మాట అన్నవారికి హియర్-డాక్యుమెంట్ అంటే ఏమిటో తెలియదని వెంటనే అర్థమైంది. స్క్రిప్టులోనే ఒక ముగింపు పదం వచ్చేవరకు రాసి, ఏదైనా ఆదేశానికి అందించే పాఠ్యాన్ని అలా అంటారు. ‘<<-’ గుర్తుతో మొదలయ్యే హియర్-డాక్యుమెంట్‌లో షెల్ ప్రతి వరుస మొదట్లో ఉన్న ట్యాబ్‌లను మాత్రమే తీసేస్తుంది, స్పేస్‌ల జోలికి పోదు. మీ ఎడిటర్ ఇండెంటేషన్ సరిచేస్తున్నానంటూ ఆ ట్యాబ్‌లను స్పేస్‌లుగా మార్చేసింది. దాంతో ముగింపు పదాన్ని షెల్ గుర్తుపట్టలేక, ఆ కింద ఉన్న ఆదేశాలన్నిటినీ మామూలు పాఠ్యంగా మింగేసింది. బ్యాకప్ తీయవలసిన స్క్రిప్టు ఆ పని చేయకుండానే ముగిసిపోయింది. ఇది కంటికి ఇంపుగా ఉండటానికి సంబంధించిన సమస్యా?

ఒక విలువను వేర్వేరు నమూనాలతో (ప్యాటర్న్‌లతో) పోల్చి చూసే ‘కేస్’ బ్లాకులో నమూనా తర్వాత వచ్చే కుడి బ్రాకెట్‌కు జోడీ దొరకక మీ ఎడిటర్ తడబడుతోందని చెబితే, నమూనాకు ముందు ఎడమ బ్రాకెట్ కూడా పెట్టుకోమని మరొకరు సలహా ఇచ్చారు. షెల్ ఎలా పనిచేయాలో చెప్పే పోసిక్స్ ప్రమాణం దానికి ఒప్పుకుంటుందన్నది నిజమే. అయితే అనేకమంది కలిసి రాసి, ఏళ్లుగా నడుస్తున్న స్క్రిప్టులను మీ ఎడిటర్ సౌకర్యం కోసం తిరగరాయాలా?

చివరగా, ఇది కొత్త సదుపాయం కోసం చేసిన అభ్యర్థనగా నమోదైందని చెప్పి చేతులు దులుపుకున్నారు. సీ షెల్ 1970ల నాటిది. జెడ్ షెల్ 1990లో వచ్చింది, 2019 నుంచి మ్యాక్ కంప్యూటర్లలో డిఫాల్ట్ షెల్ అదే. ఫిష్ 2005 నుంచి ఉంది. వీటిలో మీకు కొత్తగా కనిపించింది ఏది? షెల్ స్క్రిప్టులకు పూర్తి సపోర్ట్ ఉందని మీ ప్రకటనలో రాసుకున్నప్పుడు ఇవేవీ గుర్తుకు రాలేదా?

ఉచితంగా దొరికే మంచి ఎడిటర్లు ఎన్నో ఉన్నా మీ ఉత్పత్తి మీద నమ్మకంతో లైసెన్స్‌ను ప్రతిసారీ గడువులోపే పునరుద్ధరించుకున్నాను, నా సహోద్యోగుల చేత కూడా కొనిపించాను. అంతటి నమ్మకానికి మీరిచ్చిన విలువ, చదవకుండానే మూసేసిన టికెట్లు. షెల్ గురించి తెలిసిన ఒక్క మనిషి నా నమూనా ఫైలు తెరిచి చూసి, తన పేరుతో జవాబు రాయాలి. మొదటి వరుసను బట్టి షెల్‌ను గుర్తించడం, హియర్-డాక్యుమెంట్ లోపలి ట్యాబ్‌లను ముట్టకపోవడం ఎప్పటికి జరుగుతాయో అందులో చెప్పాలి. అంతవరకు షెల్ ఫైళ్లకు మాత్రమే ఆటో-ఇండెంట్‌ను ఆపుకునే వీలైనా కల్పించాలి.

ఈ లేఖకు కూడా యాంత్రికమైన జవాబే వస్తే, నాతోపాటు మా బృందమంతా లైసెన్సులను వదులుకుంటాం. మిగిలిన గడువుకు డబ్బు వాపసు కోరుతూ, మీ ప్రతినిధులు రాసిన ప్రతి సందేశాన్నీ జతచేసి వినియోగదారుల న్యాయస్థానంలో ఫిర్యాదు దాఖలు చేస్తాను.

ఇట్లు,
మీ పాత లైసెన్సుదారుడు